ఒడిశా వెళ్తున్నారా? పూరీని ఆఖరికి ఉంచుకోండి

మన వైపు నుంచి ఒడిశా వెళ్లేవాళ్ల ప్రయాణం దాదాపు ఒకేలా ఉంటుంది. రాత్రి రైలెక్కడం, పొద్దున్నే పూరీలో దిగి దర్శనం చేసుకోవడం, మధ్యాహ్నం కారు మాట్లాడుకుని కోణార్క్, చీకటి పడేసరికి భువనేశ్వర్, అక్కడ లింగరాజుకో దండం, మళ్లీ రైలు. నేనూ మొదటిసారి అలాగే వెళ్లొచ్చాను. ఏం చూశావురా అని ఇంట్లో అడిగితే "గుళ్లు" అన్నాను. ఏ ఫొటో ఏ గుడిదో తేదీలు చూసి చెప్పాల్సొచ్చింది.

రెండోసారి వరస తిరగేశాను. ముందు అశోకుడు, తర్వాత కళింగ రాజు ఖారవేలుడు, ఆపైన భువనేశ్వర్ గుళ్లు, కోణార్క్, ఆఖర్న పూరీ. తిరిగిన దూరం పెద్దగా మారలేదు గానీ, ఒక చోట చూసింది తర్వాతి చోట పనికొచ్చింది. ఆ వరసలోనే ఐదు రోజుల ప్రయాణం ఎలా కట్టుకోవాలో చెప్తాను. లెక్క విశాఖ నుంచి. హైదరాబాద్ వాళ్లు రాను పోను చెరో రాత్రి కలుపుకోండి.

ముందు నెల తేల్చుకోండి

నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. చిలికాకు పక్షులొచ్చేది అప్పుడే, రాతి గుళ్ల దగ్గర కాళ్లు కాలకుండా తిరగగలిగేదీ అప్పుడే. అక్టోబర్‌లో తుపాన్ల భయం ఉంటుంది. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబర్ 12న. 2018 అక్టోబర్‌లో తిత్లీ మన పలాస తోటల్ని ఏం చేసిందో శ్రీకాకుళం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మే నెల కూడా నమ్మదగింది కాదు, 2019లో ఫణి పూరీని ఊడ్చేసింది మే 3న. డిసెంబర్ 1 నుంచి 5 వరకు కోణార్క్‌లో నాట్యోత్సవం జరుగుతుంది. వీలైతే దానికి కుదిరేలా చూసుకోండి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. జ్యేష్ఠ పౌర్ణమి నాడు జగన్నాథుడికి స్నానయాత్ర చేస్తారు. 108 కుండల నీళ్లు పోసేసరికి స్వామికి జ్వరం వస్తుందని, రథయాత్ర ముందు దాకా సుమారు రెండు వారాలు గర్భగుడి దర్శనం ఉండదు. ఆ రోజుల్ని అణసర అంటారు. వేసవి సెలవుల చివర్లో తెలియక వెళ్లి, మూసిన తలుపులు చూసి వచ్చినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అప్పుడు భక్తులు పూరీ దగ్గరి బ్రహ్మగిరిలో అలారనాథుణ్ణి చూసుకుని వస్తారు. రథయాత్రకే వెళ్లాలనుకుంటే అది వేరే ప్రయాణం, వేరే ఓపిక. దీంతో కలపకండి.

రైలు, గది

విశాఖ నుంచి భువనేశ్వర్ 440 కిలోమీటర్ల పైచిలుకు. ఎక్స్‌ప్రెస్‌లో ఆరేడు గంటలు. సికింద్రాబాద్ నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్, కోణార్క్ ఎక్స్‌ప్రెస్ నేరుగా భువనేశ్వర్ వెళ్తాయి. విశాఖలో పగటి రైలే ఎక్కండి, కుడివైపు కిటికీ సీటు చూసుకోండి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. బరంపురం కూడా దాటాక రంభ నుంచి బాలుగావ్ దాకా పట్టాల పక్కనే చిలికా కనిపిస్తూ ఉంటుంది. రాత్రి రైల్లో పడుకుని వెళ్లేవాళ్లకు అది దక్కదు.

బరంపురం స్టేషన్లో తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా ఆ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి పుట్టిన ఊరది. భాష పేరు మీద మన దేశంలో మొదట ఏర్పడిన రాష్ట్రం ఒడిశానే, మన ఆంధ్రకంటే 17 ఏళ్లు ముందు. ఆ విభజనలో పర్లాకిమిడి అటు వెళ్లిపోయిందన్న బాధతోనే గిడుగు రామమూర్తి ఆ ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు.

గదులు భువనేశ్వర్‌లో మూడు రాత్రులు, కోణార్క్‌లో ఒకటి, పూరీలో ఒకటి తీసుకోండి. రాష్ట్ర పర్యాటక సంస్థ వాళ్ల పాంథనివాస్‌లు చాలాచోట్ల ఉన్నాయి, ముందే బుక్ చేసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. కోణార్క్‌లో రాత్రి ఎందుకని కారు డ్రైవర్ తప్పకుండా అడుగుతాడు. మీరు తగ్గొద్దు, కారణం తర్వాత చెప్తాను.

మొదటి రోజు: ధౌలి నుంచి మొదలు

ముందురోజు సాయంత్రానికి భువనేశ్వర్ చేరి పడుకోండి. పొద్దున ఏడింటికల్లా ధౌలిలో ఉండాలి. ఊరికి 8 కిలోమీటర్లు. అందరూ నేరుగా పైకి, 1972లో కట్టిన తెల్లటి శాంతి స్తూపం దగ్గరికి వెళ్లిపోతారు. మీరు కిందనే ఆగండి. రోడ్డు పక్కన చిన్న తోట, అందులో ఒక బండ, ఆ బండ పైభాగంలోంచి ఏనుగు ముందు సగం బయటికొస్తున్నట్టు చెక్కి ఉంటుంది. దాని కింద బ్రాహ్మీ లిపిలో అశోకుడి శాసనాలు. క్రీస్తుపూర్వం 261 ప్రాంతంలో కళింగ యుద్ధం జరిగింది ఈ దయా నది ఒడ్డునే అంటారు.

ఇక్కడ గమనించాల్సింది లేని శాసనాన్ని. యుద్ధంలో లక్షమంది చచ్చిపోయారు, లక్షన్నర మందిని పట్టుకుపోయారు, అందుకు నాకు బాధగా ఉందని అశోకుడు చెప్పుకున్నది 13వ శాసనంలో. దాన్ని కళింగలో చెక్కించలేదు. దెబ్బతిన్నవాళ్ల ఊళ్లో ఆ లెక్క చెప్పడం బాగోదనుకున్నాడేమో. బదులుగా మనుషులంతా నా బిడ్డలే అని రాయించాడు. ఆ 13వది చూడాలంటే మన కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్లాలి, అక్కడ పద్నాలుగూ ఉన్నాయి.

అక్కణ్ణుంచి ఊరికి అవతలి కొసన ఉన్న ఉదయగిరి, ఖండగిరి గుహలకు వెళ్లండి. ఉదయగిరి మీద హాథీగుంఫా అనే గుహ నెత్తిన ఖారవేలుడి శాసనం 17 పంక్తుల్లో ఉంటుంది. అశోకుడి తర్వాత కళింగ మళ్లీ లేచి నిలబడిన కథ అది. నంద రాజు ఎప్పుడో ఎత్తుకుపోయిన జినుడి (జైన తీర్థంకరుడి) విగ్రహాన్ని మగధ మీదికి వెళ్లి తిరిగి తెచ్చుకున్నానని అందులో రాయించుకున్నాడు. పొద్దున ధౌలి చూసి వచ్చినవాళ్లకు ఆ పంక్తి బలంగా తగులుతుంది. నేరుగా ఇక్కడికే వచ్చేవాళ్లకు కనిపించేవి గుహలూ కోతులే. కోతుల దగ్గర చేతిలో తినుబండారాలు పెట్టుకోకండి. రాణీగుంఫా రెండంతస్తుల గుహ, శిల్పాలు బాగుంటాయి, ఓ అరగంట ఇవ్వండి.

మధ్యాహ్నం దాల్మాతో అన్నం తినండి. కందిపప్పో పెసరపప్పో వేసి, అరటికాయ, గుమ్మడికాయ, బొప్పాయికాయ ముక్కలతో వండే పప్పది. మన ముక్కల పులుసులోంచి పులుపు తీసేస్తే ఇలాగే ఉంటుందని మా అమ్మ తేల్చేసింది.

మూడింటికి పాత ఊరు. ముందు 7వ శతాబ్దపు పరశురామేశ్వరం, పక్కనే 10వ శతాబ్దపు ముక్తేశ్వరం, చివర 11వ శతాబ్దపు లింగరాజు. ఈ వరస తప్పొద్దు. పరశురామేశ్వరం పొట్టిగా, బరువుగా ఉంటుంది. ముక్తేశ్వరానికి వచ్చేసరికి చేయి తిరిగింది, ముందున్న తోరణం చూస్తే తెలుస్తుంది. లింగరాజు దగ్గర శిఖరం 180 అడుగులు. నాలుగు వందల ఏళ్ల నేర్పు ఒక్క సాయంత్రంలో కళ్ల ముందు పెరుగుతుంది. ఒక్క రెండు మాటలు గుర్తుపెట్టుకోండి, కోణార్క్‌లో కావాలి: నిలువుగీతలతో పైకి లేచే శిఖరం ఉన్నది రేఖా దేవుల, దాని ముందు మెట్లుమెట్లుగా కప్పు ఉన్న మండపం జగమోహన.

రెండో రోజు: చరిత్రకు సెలవు

నాలుగున్నరకే బయల్దేరాలి, పిల్లలు గొణుగుతారు. చిలికా ఉత్తరపు కొసన మంగళజోడి అనే ఊరుంది, భువనేశ్వర్ నుంచి గంటన్నర. చిలికా మన దేశంలో అన్నిటికంటే పెద్ద ఉప్పునీటి సరస్సు. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. రెండో స్థానం మన పులికాట్‌ది. చిలికాకు 1981లోనే రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడినేల అన్న గుర్తింపు వచ్చింది.

మంగళజోడిలో ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్ముకునేవాళ్లు. 2000 ప్రాంతంలో అదే మనుషులు వేట మానేసి కాపలాదారులయ్యారు, ఇప్పుడు పడవల్లో గైడ్లుగా వస్తున్నారు. ఏ రెల్లు వెనక ఏ పక్షి దాక్కుంటుందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? మోటారు ఉండదు, పొడవాటి గెడ వేసి తోస్తారు. నీళ్లు మోకాలిలోతే. మేం వెళ్లిన రోజు మంచు ఇంకా విడలేదు. గెడ నీళ్లలో దిగిన చప్పుడు, ఎక్కడో బాతుల గోల, అంతే. గైడ్ గెడ ఆపి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. పది అడుగుల్లో ఒక జంట, ఇటుకరంగు ఒళ్లు, లేత తల. చక్రవాకాలు. పద్యాల్లో చదివిన పక్షులు ఇలా బురదలో ముక్కులు పెట్టి మేస్తుంటాయని నేనెప్పుడూ ఊహించుకోలేదు. బైనాక్యులర్స్ లేకపోతే అక్కడే అడగండి, ఇస్తారు. ఎరుపు, పసుపు బట్టలు వేసుకోకండి.

డాల్ఫిన్ల మాట అడుగుతారని తెలుసు. ఇరావదీ డాల్ఫిన్లు ఉండేది పూరీ వైపున్న సాతపడా దగ్గర. అక్కడ మోటారు పడవలో మూడు గంటలు తిరిగితే వీపు నల్లగా ఒక్క క్షణం తేలి మునుగుతుంది. పడవవాణ్ణి మరీ దగ్గరగా పోనివ్వమనకండి, పంకా రెక్కలు వాటికి ప్రమాదం. ఇంకో జాగ్రత్త. మధ్యలో ఇసుక దిబ్బ మీద ఆపుతారు. అక్కడ ఒకతను బుట్టలోంచి ఆల్చిప్ప తీసి, మన ఎదురుగానే పగలగొట్టి, లోపల్నుంచి ముత్యం బయటికి తీస్తాడు. నేను బేరమాడి రెండు కొన్నాను, పైగా తెలివిగా కొన్నానని సంబరపడ్డాను. మా ఊరి కంసాలి దాన్ని గోటితో గీకి, మాట్లాడకుండా నా చేతిలో పెట్టాడు.

మంగళజోడి నుంచి తిరిగొచ్చాక మధ్యాహ్నం నిద్రపోండి. నందన్‌కానన్ జూ పిల్లలుంటే సరే, లేకపోతే వదిలేయవచ్చు. సాయంత్రం కటక్ వైపు పహాల దాకా వెళ్లి, రోడ్డు పక్క కొట్లలో వేడి రసగుల్లా, ఛెనాపోడ తినండి. ఛెనాపోడ అంటే విరిగిన పాల ముద్దను చక్కెరతో కలిపి, అంచులు మాడి ఎర్రబడేదాకా కాల్చింది. ఆ మాడు వాసనే దాని రుచి.

మూడో రోజు: కోణార్క్‌కు సాయంత్రం వెళ్లండి

దారిలో పిపిలి దగ్గర ఆగండి. రథాల మీద కప్పే గుడ్డల పనితనం ఇక్కడిదే. రంగు గుడ్డ ముక్కలు కత్తిరించి కుట్టిన గొడుగులు, దీపాల కప్పులు రోడ్డుకు రెండువైపులా వేలాడుతుంటాయి. ఒకటి కొనండి, ముందుకు కదలండి.

కోణార్క్ గుడి 1250 ప్రాంతంలో తూర్పు గంగరాజు మొదటి నరసింహదేవుడు కట్టించాడు. మన సింహాచలం గుడిలో పెద్ద భాగం కట్టించిందీ ఆయనే. సింహాచలం బాగా ఎరిగినవాళ్లు ఇక్కడి ఏనుగుల్ని, గుర్రాల్ని చూస్తుంటే ఎక్కడో చూసినట్టే ఉంటుంది. రాయి కూడా మనకు తెలిసిందే. విశాఖ కొండల్లో ఉండే ఖోండలైట్‌తోనే ఎక్కువ భాగం కట్టారు. సముద్రపు గాలికి అది పొరలుగా రాలిపోతుంది, శిల్పాల ముఖాలు అరిగిపోవడానికి కారణం అదే.

నిన్నమొన్న నేర్చుకున్న మాటలు ఇప్పుడు వాడండి. మీ ఎదురుగా కనిపించే పెద్ద కట్టడం అసలు గుడి కాదు, జగమోహన. దాని వెనకాల ఇంకా ఎత్తుగా ఉండాల్సిన రేఖా దేవుల 19వ శతాబ్దానికే కూలిపోయింది. లింగరాజు శిఖరాన్ని మనసులో పెట్టుకుని, దాన్ని ఇంకా పెంచి, ఆ ఖాళీలో నిలబెట్టుకోండి. జగమోహన కూడా పడిపోతుందని బ్రిటిష్‌వాళ్లు 1903లో లోపలంతా ఇసుక పోయించి తలుపులు మూసేశారు. అందుకే లోపలికి వెళ్లే వీలుండదు.

చక్రాలు 24. పది రూపాయల నోటు వెనక ఉన్నది ఇదే, 2018 నుంచి వస్తున్న నోటు తీసి పక్కన పెట్టి చూసుకోండి. ఎండ ఉన్న వైపు చక్రం దగ్గర నిలబడి టైం ఎలా చూడాలంటే, పెద్ద ఆకులు ఎనిమిది, ఒక్కో ఆకుకీ మధ్య 3 గంటలు. వాటి మధ్య సన్న ఆకులు ఎనిమిది, అవి గంటన్నర దగ్గర పడతాయి. అంచు చుట్టూ పూసలు చెక్కి ఉంటాయి, పెద్ద ఆకుకూ సన్న ఆకుకూ మధ్య ముప్పై, అంటే పూసకు 3 నిమిషాలు. ఇరుసు దగ్గర వేలు పెడితే నీడ ఏ పూస మీద పడిందో అదే టైం. అన్నిటికీ పైనున్న ఆకు అర్ధరాత్రి, కిందిది మిట్టమధ్యాహ్నం, గడియారానికి ఎదురు దిశలో లెక్కపెట్టాలని గైడ్లు చెప్తారు. మా గైడ్ చూపించిన టైంకీ నా ఫోన్‌కీ ఐదారు నిమిషాలే తేడా వచ్చింది.

ఇప్పుడు రాత్రి ఇక్కడే ఎందుకంటే, బస్సులన్నీ పది నుంచి నాలుగు మధ్య వచ్చి పోతాయి. మీరు నాలుగింటికి వెళ్లండి, మళ్లీ పొద్దున గేటు తీయగానే వెళ్లండి. గుడి తూర్పుముఖం. తొలి ఎండ ముందు నాట్య మండపం మీద పడి, అక్కడున్న నాట్యకత్తెలు ఒక్కొక్కరే వెలుగులోకి వస్తారు. ఆ పొద్దు దాటితే అవి మళ్లీ మామూలు రాళ్లే.

ఒక్క ప్రశ్న మిగుల్చుకుని బయల్దేరండి. సూర్యుడి గుడి ముందు అరుణస్తంభం ఉండాలి కదా, ఏది?

నాలుగో రోజు: చింతగింజల జిగురు

కోణార్క్ నుంచి పూరీకి సముద్రం వెంబడి 35 కిలోమీటర్ల రోడ్డు, సరుగుడు తోటల మధ్య నుంచి. పూరీలో సామాను పడేసి, 14 కిలోమీటర్ల దూరంలోని రఘురాజ్‌పూర్ వెళ్లండి. ఒడిస్సీ గురువు కేళూచరణ్ మహాపాత్ర పుట్టిన ఊరు. ఇంటింటా పటచిత్రాలు వేస్తారు, గోడలన్నీ బొమ్మలే.

మొదటి ఇంట్లోనే కొనేయకండి. ఎవరింటికి పిలిస్తే అక్కడ అరుగు మీద కూర్చుని పని చూడండి. నూలుగుడ్డ రెండు పొరలు చింతగింజల జిగురుతో అతికిస్తారు. పైన సుద్దపొడి కలిపిన అదే జిగురు పూసి ఎండబెడతారు, తర్వాత రాయితో రుద్ది నున్నగా చేస్తారు. తెలుపు శంఖం పొడి నుంచి, నలుపు దీపపు మసి నుంచి, ఎరుపు ఇంగిలీకం నుంచి. ముందు అంచు గీశాకే లోపలి బొమ్మ. మన చేర్యాల నకాషీ పటాలకూ చింతగింజల జిగురే, సుద్దమట్టే. ఆ మాట నేను హిందీలో చెప్తే, ముసలాయన కుంచె ఆపి, మీ దగ్గర గింజలు ఎన్ని రోజులు నానబెడతారని అడిగాడు. నాకు తెలియదు. సిగ్గేసింది.

కొనేముందు ఇవి చూసుకోండి. అసలు పటం వెనక వైపు కూడా జిగురుతో బిరుసుగా ఉంటుంది, చుట్టగా చుట్టినా పగలదు. తాటాకు బొమ్మల్లో గీతని గంటంతో చెక్కి మసి పూస్తారు, వేలితో తడిమితే గీత తెలియాలి. తెలియకపోతే అది అచ్చు. ఇదే తాటాకుల వల్ల ఒడియా అక్షరాలూ మనవాటిలాగే గుండ్రమయ్యాయని అంటారు. మాటలు పెద్దగా రాకపోయినా ఫర్వాలేదు. "కేతే టంకా?" అంటే ఎన్ని రూపాయలు. పెద్దవాళ్లు ఒప్పుకోలుగా "ఆజ్ఞా" అంటుంటారు, అది మన "అలాగేనండీ" లాంటిదే.

ఐదింటికల్లా పూరీలో గుడి తూర్పు వాకిలి ముందుండండి. రోజూ సాయంత్రం ఒక సేవకుడు 214 అడుగుల శిఖరం వట్టికాళ్లతో, తాడు లేకుండా ఎక్కి, కొసనున్న నీలచక్రం మీద జెండా మారుస్తాడు. నిలబడి చూస్తుండగా ఎదురుగా సన్నటి నల్లరాతి స్తంభం కనిపిస్తుంది, దాని మీద దండం పెడుతున్న అరుణుడు. కోణార్క్‌ది ఇదే. మరాఠాల కాలంలో ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు.

ఐదో రోజు: దర్శనం, ఆనంద బజార్

ఫోన్, తోలు బెల్టు, తోలు పర్సు గదిలోనే వదిలేసి వెళ్లండి. నిక్కర్లు, చిరుగుల జీన్స్ వేసుకుంటే రానివ్వరు. హిందువులు కానివాళ్లకు ప్రవేశం లేదు. మీ బృందంలో ఎవరైనా ఉంటే ముందే చెప్పండి, గేటు దగ్గర నొచ్చుకోకుండా. పండాల (గుడి పూజారుల) సాయం కావాలంటే మొత్తం ఎంతో ముందే ఒప్పుకోండి, అక్కర్లేకపోతే చేయి జోడించి నడిచిపోండి. మధ్యలో సేవల కోసం కొన్ని గంటలు దర్శనం ఆపేస్తారు కాబట్టి తెల్లవారుజామే మంచిది. తూర్పు వాకిలి నుంచి 22 మెట్లు.

ఈ గుడి కట్టడం మొదలుపెట్టించిన అనంతవర్మ చోడగంగదేవుడి తొలి రాజధాని కళింగనగరం, అంటే శ్రీకాకుళం జిల్లా ముఖలింగమే అని చరిత్రకారులు చెప్తారు.

దర్శనం అయ్యాక తొందరగా బయటికి రాకండి. ప్రాకారం లోపలే ఈశాన్యంలో ఆనంద బజార్ ఉంది. జగన్నాథుడికి, తర్వాత విమలాదేవికి నివేదించిన వంటలు మట్టికుండల్లోనే అక్కడికొస్తాయి. కట్టెల పొయ్యి మీద కుండ మీద కుండ పేర్చి వండుతారు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, టమాటా ఏవీ ఉండవు. మధ్యాహ్నం భోగం దిగాక వెళ్తే వేడిగా దొరుకుతుంది. ఒక్క కొట్టు దగ్గర ఆగకుండా నాలుగు కుండలు చూసి బేరమాడండి, తప్పేం లేదు. అన్నం, పప్పు, ఆవపెట్టిన బేసర, తీపి అన్నం కణికా అడగండి. ఆకు పరచుకుని నేలమీదే కూర్చోవాలి. పక్కన కూర్చున్నవాళ్లెవరో మీ కుండలోంచి తీసుకుంటారు, వాళ్ల కుండ మీ వైపు జరుపుతారు. సర్వం జగన్నాథం అని మనం ఊరికే అనేస్తుంటాం, అది పుట్టింది ఈ నేల మీదే.

ఇంటికి తీసుకెళ్లడానికి నిర్మాల్యం, అంటే ఎండబెట్టిన ప్రసాదపు మెతుకులు, చిన్న ఎర్రగుడ్డ సంచుల్లో అమ్ముతారు. ఖాజా కూడా కొంటారు ఎలాగూ. తాపేశ్వరం కాజా ఊహించుకుని కొరికితే నిరాశపడతారు, ఇది పొడిగా, పొరలుగా ఉంటుంది, పాకం కారదు. నాలుగు రోజులు నిల్వ ఉంటుంది కాబట్టి ఆఫీసులో పంచడానికి ఇదే నయం.

ఇంకో రెండు రోజులు ఉన్నవాళ్లు పూరీ నుంచే తిరిగి రాకుండా బరంపురంలో దిగి, పట్టుచీరలు, అప్పడాలు చూసుకుని, 120 కిలోమీటర్లు లోపలికి దారింగ్‌బాడి కొండలకు వెళ్లొచ్చు. దేవమాలి, గుప్తేశ్వర్ ఉన్న కొరాపుట్‌ను మాత్రం దీంట్లో ఇరికించకండి. అది అరకు మీదుగా విడిగా పెట్టుకోవాల్సిన ప్రయాణం.

పూరీలో నేరుగా రైలు దొరక్కపోతే 44 కిలోమీటర్ల దూరంలో ఖుర్దా రోడ్ జంక్షన్ ఉంది, మన వైపు వచ్చే రైళ్లు చాలావరకు అక్కడ ఆగుతాయి. పగటి రైలయితే ఈసారి ఎడమవైపు కిటికీ.